కబురు చేరిన రోజు - ‘ఏడు తరాలు’ మళ్లీ చదివాక

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో మన పిల్లలు చాలామంది ఉంటారు. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, పాడేరు వైపు నుంచి వచ్చి, ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుని కోచింగ్ తీసుకుంటారు. వేసవి సెలవుల్లో పని మీద నగరానికి వెళ్లినప్పుడు మేము కొందరం ఉపాధ్యాయులం ఆ గదుల్లోనే దిగాం. ఆదివారం క్లాసులు లేవు. అలా మూడు ఆదివారాలు పిల్లలతో కూర్చుని ఒక పుస్తకం చదివాం. ఆ పుస్తకం ‘ఏడు తరాలు’.

దాన్నే ఎందుకు తీశామో ముందు చెప్పాలి. గది గోడకు అంటించిన కరెంట్ అఫైర్స్ కాగితంలో ఒక లైను ఉంది: జూన్ 19, జూన్‌టీన్త్, అమెరికాలో బానిసత్వం అంతమైన రోజు. డీఎస్సీకి చదువుతున్న ఒక అమ్మాయి అడిగింది: “ఇది బిట్టుకు వస్తదని చదువుతున్నం సార్. మనకు గూడ ఇట్లాంటి రోజు ఒకటి ఉన్నదా?” మాలో ఒకరు ఆగస్టు 15 అన్నారు. ఒకరు ఆగస్టు 9 అన్నారు. ఇంకొకరు సెప్టెంబర్ 17 అన్నారు. వెట్టి రద్దయిన రోజు ఏదో మాత్రం ఎవరమూ చెప్పలేకపోయాం. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న మాకే తెలియలేదు. ఆ సిగ్గుతోనే పుస్తకం తెరిచాం.

ముందు జూన్ 19 సంగతి. లింకన్ విముక్తి ప్రకటన 1863 జనవరి 1న అమల్లోకి వచ్చింది. టెక్సాస్‌లోని గాల్వెస్టన్ అనే రేవు పట్టణంలో సైన్యం వచ్చి ఆ మాట చాటింది 1865 జూన్ 19న. మధ్యలో దాదాపు రెండున్నరేళ్లు. కాగితం మీద స్వేచ్ఛ వచ్చినవాళ్లు అన్నాళ్లూ దొరల చేలలో పత్తి తీస్తూనే ఉన్నారు. దొరలకు తెలియక కాదు, చెప్పించే బలం అక్కడికి రాలేదు కనుక. నల్లజాతి ప్రజలు పండుగగా ఎంచుకున్నది చట్టం రాసిన రోజును కాదు, కబురు చేరిన రోజును. ఈ తేడాను మనం గట్టిగా పట్టుకోవాలి. మేము చెప్పదలచుకున్నదంతా దీని చుట్టూనే ఉంది.

ఆ రోజు జనరల్ గ్రేంజర్ ప్రకటించిన ఉత్తర్వు పేరు జనరల్ ఆర్డర్ నంబర్ 3. బానిసలంతా స్వతంత్రులని చెప్పిన ఆ కాగితమే, ఉన్న చోటే ఉండి కూలికి పని చేసుకోవాలని, ఊరికే కూర్చుంటే పోషించేది లేదని కూడా చెప్పింది. తరతరాలు ఒళ్లు విరుచుకుని పని చేసినవాళ్లకు సోమరితనం గురించి హితబోధ! అదే ఏడాది డిసెంబరులో వచ్చిన 13వ రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది, కానీ నేరానికి శిక్షగా అయితే తప్ప అని ఒక సందు వదిలింది. ఆ సందులోంచి జైలు కూలి వచ్చింది. 2020 మే 25న మినియాపొలిస్‌లో ఒక పోలీసు జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు పెట్టి చంపాడు. ఆ మరుసటి ఏడాది జూన్ 19ని అమెరికా ప్రభుత్వం జాతీయ సెలవుగా ఒప్పుకుంది. కబురు చేరిన 156 ఏళ్లకు సెలవు వచ్చింది. న్యాయం ఇంకా దారిలోనే ఉంది.

ఇక పుస్తకం. అలెక్స్ హేలీ 1976లో రాసిన ‘రూట్స్’ను సహవాసి సంక్షిప్తంగా తెలుగు చేశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. ఎన్నో ముద్రణలు పొంది, హాస్టళ్లలో, సంఘాల్లో చేతులు మారి చిరిగిపోయిన పుస్తకం ఇది. మాలో కొందరం టీటీసీ చదివే రోజుల్లో చదివాం. అప్పుడు కుంటా కింటే కోసం ఏడ్చాం. పుస్తకం మూసి, పాపం నల్లవాళ్లు అనుకున్నాం. ఈసారి పిల్లలతో కలిసి గొంతెత్తి చదివితే అది వేరే పుస్తకంలా కనిపించింది.

మొదటి సంగతి, ఈ కథ బానిసత్వంతో మొదలుకాదు. గాంబియా నది ఒడ్డున జుఫూరే అనే ఊళ్లో ఒక బిడ్డ పుట్టడంతో మొదలవుతుంది. ఎనిమిదో రోజున తండ్రి ఒమోరో ఆ బిడ్డ చెవిలో పేరు చెప్తాడు. తన పేరు ముందుగా తానే వినాలన్నది వాళ్ల ఆచారం. ఆ తర్వాతే ఊరంతా వింటుంది. పశువుల కాపలా, వేట, పెద్దమనిషి అయ్యే శిక్షణ, పంట పండుగలు, పంట లేని రోజుల ఆకలి, అన్నీ వస్తాయి. ఇంగ్లిష్ మూలంలో 120 అధ్యాయాలుంటే, కుంటా పట్టుబడటానికి ముందే ముప్పైకి పైగా అధ్యాయాలు గడుస్తాయి. 1767లో డోలు చేసుకోవడానికి కర్ర కోసం అడవికి వెళ్లినప్పుడు అతన్ని పట్టుకుంటారు. అప్పటికి పాఠకుడికి తెలుసు, వీళ్లు పట్టుకున్నది బానిసను కాదు, ఒక మనిషిని అని.

మన గురించి రాసినవి ఎక్కడ మొదలవుతాయో చూడండి. పాఠ్యపుస్తకంలో ఆదివాసి ‘వెనుకబడిన ప్రాంతం’తో మొదలవుతాడు. పోరాట కథల్లో వెట్టితో మొదలవుతాడు. సినిమాలో అయితే గర్జనతో మొదలవుతాడు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ఒరిగిపోవడం అందరికీ తెలుసు. ఆ మనుషులు అంతకుముందు ఎట్లా బతికారు, పెర్సాపేన్‌ను ఎట్లా కొలిచారు, పంచాయితీ ఎట్లా తీర్చుకున్నారు అన్నది ఎవరికీ పట్టదు. దెబ్బ తిన్న చోటే మన చరిత్ర మొదలైతే, దెబ్బ తినడమే మన గుణం అన్నట్టు పిల్లలు నేర్చుకుంటారు. హేలీ నుంచి ముందు నేర్చుకోవలసింది ఈ వరుస: ముందు స్వేచ్ఛ, తర్వాత సంకెల, ఆ తర్వాతే విముక్తి.

రెండో సంగతి పేరు. అమెరికాలో కొనుక్కున్నవాళ్లు కుంటాను టోబీ అన్నారు. పారిపోయిన ప్రతిసారీ పట్టుకుని కొట్టారు. నాలుగోసారి పాదం సగం నరికారు. 1977లో టీవీలో వచ్చినప్పుడు, కొరడాతో కొట్టి టోబీ అనిపించే దృశ్యం ప్రపంచమంతా చూసింది. ఆ భాగం చదివిన రోజు గదిలో ఒక అబ్బాయి నవ్వాడు. ఎందుకని అడిగితే అన్నాడు: “నాకు ఇంట్ల ఒక పేరు, మెమోల ఒక పేరు సార్. కొట్టకుండనే మార్చిండ్రు.”

ఇక్కడ మేము మా తప్పు ఒప్పుకోవాలి. ఆ పేరు మార్చింది ఎవరో కాదు, మాలాంటి పంతుళ్లమే. బడిలో చేర్చుకునే రోజు పిల్లవాడు ‘మాసా’ అంటే మేము ‘మహేశ్’ అని రాశాం. ‘కోసి’ అంటే ‘కౌసల్య’ అని రాశాం. ఇంటిపేరు సరిగ్గా వినకుండా తోచిన అక్షరాలు వేశాం. మంచి పేరు పెడుతున్నాం, పట్నం పోతే నవ్వులపాలు కాకూడదు అనుకున్నాం. మేమూ ఆదివాసులమే. మా పేర్లూ ఒకప్పుడు ఎవరో అలాగే మార్చారు. మాకు జరిగిందే మేమూ చేశాం. పదేళ్ల తర్వాత ఆ పిల్లవాడు ఎస్టీ సర్టిఫికెట్ కోసం వెళ్తే, తండ్రి కాగితంలో ఒక ఇంటిపేరు, తన మెమోలో ఇంకో ఇంటిపేరు. నువ్వు ఫలానావాడి కొడుకువని రుజువేమిటని అడుగుతారు. హాజరు పట్టీలో ఒక్క నిమిషంలో రాసింది సరిచేసుకోవడానికి ఏళ్లు తిరగాలి. కుంటా కథ చదివి ఏడ్చిన చేతులే ఈ పని చేశాయి. పుస్తకం మాలోపలికి పోలేదన్నమాట.

మూడో సంగతి, కథను మోసినవాళ్లు. కుంటా తన కూతురు కిజ్జీకి తన నది పేరు, కొన్ని వస్తువుల పేర్లు తన భాషలో చెప్పాడు. ఆమె కొడుకు జార్జికి చెప్పింది. జార్జి నుంచి టామ్, టామ్ నుంచి సింథియా, ఆమె నుంచి బెర్తా, బెర్తా కొడుకు అలెక్స్ హేలీ. వేళ్ల మీద లెక్కపెట్టే నాలుగు మాటలు ఏడు తరాలు దాటాయి. తెలుగు పేరు అందుకే అంత బాగా కుదిరింది. ఆ మాటలు పట్టుకుని గాంబియా వెళితే, ఊరి చరిత్ర గుక్కతిప్పకుండా చెప్పే గ్రియో ఒకాయన కింటే వంశ కథ వినిపించాడని హేలీ రాశాడు.

గ్రియో అనగానే మన పిల్లలకు వింతగా అనిపించింది. అందులో వింత ఏముంది? గోండులకు కీక్రి వాయిస్తూ వంశగాథ చెప్పే ప్రధానులు, తోటీలు లేరా? కోయల గట్టు గట్టుకూ వేల్పు కథ చెప్పే డోలి కళాకారులు లేరా? మణుగూరు వైపు కూనవరంలో ఉండిన సకిని రామచంద్రయ్య గారు సమ్మక్క సారలమ్మల కథనూ కోయ ఇంటిపేర్ల పుట్టుకనూ డోలు మీద చెప్పినవారు. 2022లో పద్మశ్రీ వచ్చాక టీవీల్లో చూపించారు. 2024లో ఆయన కన్నుమూశారు. మనలో ఎంతమందిమి ఆయన దగ్గర కూర్చుని ఒక్క రాత్రి కథ విన్నాం? ఆఫ్రికా గ్రియోను పుస్తకంలో చదివి మురిసిపోయి, గూడెంలో ఉన్న గ్రియోను దాటిపోయాం.

కిజ్జీ గురించి ఉపాధ్యాయులు ఇంకొకటి చూడాలి. ఆమెకు చదవడం, రాయడం వచ్చు. బానిసకు అక్షరం నేరం. తను మనసిచ్చిన నోవా పారిపోవడానికి దొంగ పాసు రాసిచ్చిందని తేలగానే పదహారేళ్ల పిల్లను తల్లిదండ్రుల నుంచి లాగి అమ్మేశారు. ఆ అధ్యాయం చదివిన అమ్మాయి తర్వాతి పేజీకి పోలేక ఆగిపోయింది. కొన్నవాడి చేతిలో కిజ్జీ పడిన హింసను కూడా హేలీ దాచలేదు. కుంటాను వీరుడిగా తలచుకునేవాళ్లు చాలామంది. తండ్రి మాటలను కొడుక్కి అందించిన కిజ్జీ లేకపోతే ఈ పుస్తకమే లేదు.

విమర్శ అన్నప్పుడు లోపాలూ చెప్పాలి. ఇది పూర్తిగా చరిత్ర కాదు. హెరాల్డ్ కూర్లాండర్ తన ‘ది ఆఫ్రికన్’ నవల నుంచి తీసుకున్నారని కేసు వేస్తే, కొన్ని భాగాలు అందులోంచి వచ్చాయని హేలీ ఒప్పుకుని 1978లో రాజీపడ్డాడు. వంశవృక్షాలు పరిశోధించేవాళ్లు కుంటాకూ టోబీకీ వేసిన ముడిని ప్రశ్నించారు. జుఫూరే పుస్తకంలో ఉన్నంత అమాయకపు పల్లె కాదని, దాని పక్కనే తెల్లవాళ్ల వర్తక కోట ఉండేదని చరిత్రకారులు చెప్పారు. ఈ మాటలు దాచి పిల్లలకు పుస్తకం ఇవ్వకూడదు. మనకూ ఇందులో హెచ్చరిక ఉంది. మన గతాన్ని మనం చెప్పుకునేటప్పుడు తీపి ఎక్కువ కలపకూడదు. గూడెంలో ఆడవాళ్లకు పంచాయితీలో మాట ఎంత ఉండేదో, మంత్రగత్తె అని ఎవరి మీద ముద్ర వేశారో కూడా చెప్పుకోవాలి. నిజం చెప్పినా మన హక్కు తగ్గదు.

అమెరికా బానిసత్వం, మన వెట్టి ఒకటే అని మేము అనడం లేదు. అక్కడ మనిషిని సంతలో అమ్మారు, పుట్టబోయే బిడ్డనూ ఆస్తిగా రాసుకున్నారు. ఇక్కడ అప్పు పేరు చెప్పి కట్టేశారు. అయినా ఫలితం చాలాచోట్ల దగ్గరగానే ఉంది. నిజాం రాజ్యంలో తండ్రి తీసుకున్న బాకీకి కొడుకు భగేలాగా దొర దగ్గర పని చేశాడు. కొరాపుట్ కొండల్లో అదే గోతి. గోపీనాథ్ మహంతి ఒడియా నవల ‘పరజా’లో సుక్రు జాని కుటుంబం గోతి కిందకు ఎట్లా జారిందో చదివితే, మన అరకు వైపు పెద్దలు చెప్పిన మాటలే గుర్తొస్తాయి. తెలుగులో వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ వెట్టిని, గడీల్లో ఆడబాపల బతుకును రాశాయి. వాళ్లకు మనం రుణపడి ఉన్నాం. కానీ ‘చిల్లర దేవుళ్లు’లో గడీని మనం ఎక్కువగా ఊరికి వచ్చిన సంగీత విద్వాంసుడు సారంగపాణి వెంట నడిచి చూస్తాం. వెట్టి చేసినవాడి తాత ఎవరు, అతని చెవిలో ఏ పేరు చెప్పారు అన్న ప్రశ్నకు తెలుగు నవల ఇంకా జవాబు బాకీ ఉంది. ఆ బాకీ తీర్చవలసింది రంగాచార్య గారు కాదు, మనమే.

మూడో ఆదివారం పుస్తకం అయిపోయాక అందరం నడుచుకుంటూ బేగంపేట వెళ్లాం. పిల్లలు రోజూ ఆ దారిలో బస్సులో, మెట్రోలో పోతారు. అక్కడి పైగా ప్యాలెస్ నవాబుల కాలం నాటిది. ఊళ్లకు ఊళ్లు జాగీర్లుగా ఉన్న కుటుంబానిది. 2008 నుంచి 2023 దాకా అమెరికా కాన్సులేట్ ఆ భవనంలోనే నడిచింది. అదే బేగంపేటలో జాగీర్దార్ల కొడుకుల కోసం 1923లో పెట్టిన కాలేజీ, 1949లో జాగీర్లు రద్దయ్యాక పబ్లిక్ స్కూల్‌గా మారింది. ఇప్పుడు గిరిజన సంక్షేమ శాఖ లాటరీ తీసి కొందరు ఎస్టీ పిల్లలను అందులో చేర్పిస్తుంది. జాగీర్దారు కొడుకు పుట్టుకతో వెళ్లిన బడికి మన బిడ్డ లాటరీలో వెళ్తున్నాడు. వెళ్లడం మంచిదే. లాటరీలో పేరు రానివాళ్ల గూడెం బడి ఎట్లా ఉందన్నది మన ప్రశ్న.

పంజాగుట్ట దాటి మాసాబ్ ట్యాంక్ వైపు పోతే ఏ.సి. గార్డ్స్ వస్తుంది. పిల్లలకు అది బస్సు స్టాపు పేరుగానే తెలుసు. ఏ.సి. అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం గుర్రపు దళంలో పనిచేసిన సిద్దీల పేరు మీద ఆ బస్తీ వచ్చింది. సముద్రం దాటించి తెచ్చిన ఆఫ్రికా మనుషుల వారసులు వాళ్లు. కుంటా కింటేను పడమటి సముద్రం మీదుగా తీసుకుపోయినట్టే, తూర్పు సముద్రం మీదుగా దక్కనుకు తెచ్చినవాళ్లూ ఉన్నారు. అహ్మద్‌నగర్‌ను ఏలిన మాలిక్ అంబర్ అలా అమ్ముడుపోయి వచ్చినవాడే. 1948 తర్వాత నిజాం దళాలు పోయాయి, కొలువులూ పోయాయి. హైదరాబాద్ పెళ్లి బరాత్‌లో మోగే మర్ఫా వాళ్ల డప్పు. కర్ణాటకలో ఉత్తర కన్నడ సిద్దీలు ఎస్టీలు. తెలంగాణ ఎస్టీ జాబితాలో సిద్దీలు లేరు. అమెరికా నల్లవాళ్ల కోసం ఏడ్చిన మనం, ఇదే నగరంలో ఉన్న బస్తీ గురించి ఒక్కసారీ అడగలేదు.

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు. మనకు తేదీలు ఉన్నాయి. 1843లోనే కంపెనీ ప్రభుత్వం బానిసత్వాన్ని చట్టం గుర్తించదని చెప్పింది. రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. పుట్టుకతోనే నేరస్తులని ఎరుకల వంటి జాతుల మీద వేసిన ముద్రను 1952 ఆగస్టు 31న తీసేశారు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976 ఫిబ్రవరి 9న వచ్చి, 1975 అక్టోబర్ 25 నుంచే వర్తించింది. ఆ చట్టంలో దేశమంతా ఈ చాకిరీని పిలిచే పేర్ల జాబితా ఉంది. అందులో వెట్టి, జీతా, పాలేరు, భగేలా అన్నీ ఉన్నాయి. అంటే మన తాతల పని పేరు చట్టంలో అక్షరాలా ఉంది. ఆ చట్టం ప్రకారం అలాంటి బాకీ రద్దు, తీర్చనక్కర్లేదు. ఈ మాట మా బడిలో మేము ఒక్కరోజూ చెప్పలేదు. ఇప్పటికీ అడ్వాన్స్ తీసుకుని ఇటుక బట్టీలకు పోయే కుటుంబాలకు ఆ కబురు చేరలేదు. మన గాల్వెస్టన్లు ఇంకా ఉన్నాయి.

మూడో నంబరు ఉత్తర్వు అనగానే మాకు ఇంకో కాగితం గుర్తొచ్చింది. 2000 జనవరి 10 నాటి జీవో నంబర్ 3. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే అని చెప్పిన జీవో. మాలో చాలామంది ఉద్యోగాలు దానితోనే వచ్చాయి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఉన్న నియామకాలకు షరతులతో రక్షణ ఇచ్చింది. మాకు కొలువు మిగిలింది, ఆ గదిలో డీఎస్సీకి చదువుతున్న పిల్లలకు దారి ఇరుకైంది. ఇచ్చింది కూడా ఒక్కరోజులో పోవచ్చని ఆ తీర్పు నేర్పింది. పేరు తెలిసి, భాష తెలిసి, ‘మాసా’ను ‘మాసా’ అని రాయగల మనిషి బడిలో ఉండాలన్నది కేవలం ఉద్యోగాల తగాదా కాదు. 1943లో మార్లవాయిలో గోండు పిల్లలకు గోండు భాషలో బడి మొదలైనప్పుడే తెలిసిన సంగతి అది.

తోటి ఉపాధ్యాయులకు మా మాట మూడే. బడిలో చేరే బిడ్డ పేరు, ఇంటిపేరు, గట్టు తల్లిదండ్రుల నోట విని, వాళ్లు చెప్పినట్టే రాయండి. ఇప్పటికే తప్పు రాసి ఉంటే, దిద్దించే బాధ్యత కూడా మనదే. ఫిబ్రవరి 9న బడిలో వెట్టి రద్దు చట్టం చదివి వినిపించండి, తల్లిదండ్రులనూ పిలవండి. యువతకు చెప్పేది ఒకటే: సెలవులకు ఇంటికి పోయినప్పుడు తాతను, అవ్వను ఏడు తరాల పేర్లు అడగండి. ఏడు దొరకకపోతే నాలుగైనా రాయండి. వెట్టి చేసిన తాత పేరు వస్తే, సిగ్గుపడకుండా పూర్తి పేరు రాయండి.

గది ఖాళీ చేసి బయలుదేరే రోజు ఆ అమ్మాయి గోడ మీది కాగితంలో జూన్ 19 కింద పెన్నుతో ఇంకో లైను రాసింది: ఫిబ్రవరి 9, వెట్టి రద్దు. పక్కన చిన్న అక్షరాల్లో, ‘మా ఊరికి ఇంకా చెప్పాలి’ అని రాసింది. మేము మా ఊరి బస్సు ఎక్కాం. జూన్‌లో బడి తెరిచాక మొదట హాజరు పట్టీ తీశాం. అందులో దిద్దవలసిన పేర్లు పదకొండు ఉన్నాయి.